చర్మపు మడతల్లో పులిపిర్లు: దాచుకున్నకొద్దీ పెరిగే బాధ



ఈ నెల మేము ఎత్తుకున్న విషయం చూసి కొందరు "ఇటువంటివి కూడా పత్రికలో రాస్తారా?" అనుకోవచ్చు. రాయాలనే మా అభిప్రాయం. గజ్జల్లో, చంకల్లో, రొమ్ముల కింద, పొట్ట మడత కింద, మలద్వారం చుట్టూ చర్మం ఒరుసుకుపోయి నెలల తరబడి మండుతూ ఉండడం, చివరకు ఆ పుండు చర్మంలోనే పులిపిర్లు లేవడం మేము తరచుగా చూస్తున్నాము. వచ్చినవారిలో ఎక్కువమంది చాలా ఆలస్యంగా వస్తున్నారు. జబ్బు కంటే సిగ్గు వారిని ఎక్కువ కాలం బాధపెడుతున్నది. ఆ సిగ్గులో మా పాలు కూడా కొంత ఉన్నది. కాబట్టి ముందుగా మా తప్పుతోనే మొదలుపెడతాము.

మోకాళ్ళ నొప్పులని చెప్పిన తల్లి

కొన్నేళ్ళ క్రితం సంగతి. ఆమెను ఎవరూ గుర్తుపట్టకుండా ఊరు, వయసు చెప్పడం లేదు. షుగరు ఉన్న తల్లి. ఓ.పి. చీటీ రాయించుకునే కిటికీ దగ్గర వరుసలో నిలబడింది. మా సిస్టరు ఒకరు కిటికీ లోపలి నుండి "ఏం బాధమ్మా? ఎక్కడ?" అని గట్టిగా అడిగారు. వెనుక పదిహేను మంది ఉన్నారు. అందులో ఇద్దరు ఆమె ఊరివాళ్ళే. ఆమె కాసేపు ఆగి "మోకాళ్ళ నొప్పులమ్మా" అన్నది. డాక్టరు గారు మోకాళ్ళు చూసి మాత్రలు రాశారు. ఆమె ఆ మాత్రలు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఎనిమిది నెలల తర్వాత మళ్ళీ వచ్చింది. ఈసారి కాళ్ళు ఎడంగా పెట్టి, గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది. తెర వేసి చూస్తే రెండు గజ్జల మడతల్లోనూ, జననాంగం చుట్టూ, కాలీఫ్లవరు పువ్వులాగా గుత్తులు గుత్తులుగా పులిపిర్లు. వాటి మధ్య చర్మం తెల్లగా నానిపోయి నీరు కారుతున్నది. ఆమె మమ్మల్ని అడిగిన మొదటి మాట ఇది: "సిస్టరమ్మా, ఇది క్యాన్సరా? ఇంట్లో నా కంచం, గ్లాసు వేరే పెట్టేశారు."

నిదానంగా అడిగితే కథంతా చెప్పింది. రెండేళ్ళుగా గజ్జలు ఒరుసుకుపోతున్నాయి. మెడికల్ షాపులో ఎవరి చేతో ట్యూబు తెప్పించుకుని రాసింది. రెండు రోజుల్లో మంట తగ్గింది. మానేస్తే మళ్ళీ వచ్చింది. ఇంకో ట్యూబు, తర్వాత మరొకటి. ఆ మధ్యలో చిన్న చిన్న పొక్కుల్లాంటివి లేచాయి. అప్పుడే ధైర్యం చేసి మన ఆసుపత్రికి వచ్చింది. కిటికీ దగ్గర మేము అడిగిన తీరుకు భయపడి మోకాళ్ళ నొప్పులని చెప్పి తిరిగి వెళ్ళింది. ఆ రోజు మేము గొంతు తగ్గించి అడిగి ఉంటే ఎనిమిది నెలల బాధ ఆమెకు తప్పేది. ఇది మేము మరచిపోలేని పాఠం.

అసలు అక్కడే ఎందుకు వస్తాయి?

చర్మం మీద చర్మం ఆనుకుని ఉండే చోట గాలి ఆడదు, చెమట ఆరదు. నడిచినప్పుడల్లా రెండూ ఒరుసుకుంటాయి. కొంతకాలానికి పైచర్మం నానిపోయి, ఎర్రబడి, సన్నని పగుళ్ళు పడుతుంది. దీనిని డాక్టర్లు ఇంటర్‌ట్రైగో అంటారు. తడిగా, వెచ్చగా ఉన్న ఆ చోట కాండిడా అనే ఫంగస్, కొన్ని బ్యాక్టీరియాలు సుఖంగా పెరుగుతాయి. మంట, దురద, వాసన వాటి వల్లనే. లావుగా ఉన్నవారికి, షుగరు ఉన్నవారికి, మూత్రం అదుపు లేని వృద్ధులకు, మంచం పట్టినవారికి ఇది ఎక్కువ. ఎండలో రోజంతా ఆటో నడిపేవారికి, పొయ్యి దగ్గర నిలబడి వంట చేసేవారికి, చెమటలో పొలం పని చేసేవారికి కూడా వస్తుంది. దీనికి శుభ్రత లేకపోవడమే కారణమనడం అన్యాయం. అతి శుభ్రత వల్ల వచ్చినవారినీ చూశాము. రోజుకు నాలుగుసార్లు సబ్బుతో, ఘాటైన యాంటిసెప్టిక్ మందు నీళ్ళతో రుద్ది రుద్ది కడిగితే చర్మం ఇంకా చెడిపోతుంది.

ఇక పులిపిర్ల సంగతి. వీటికి కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్, అనగా హెచ్.పి.వి. ఇందులో 200కు పైగా రకాలు ఉన్నాయి. చేతుల మీద, పాదాల మీద పులిపిర్లు తెచ్చే రకాలు వేరు. జననాంగాల మీద, గజ్జల మడతల్లో, మలద్వారం దగ్గర వచ్చేవాటిలో నూటికి 90కి 6, 11 అనే రెండు రకాలే కారణం. ఈ వైరస్ గట్టిగా ఉన్న చర్మాన్ని దాటి లోపలికి పోలేదు. చర్మపు అడుగు పొర దాకా చేరడానికి దానికి ఒక సన్నని గీతైనా కావాలి. గట్టు తెగిన మడిలోకే నీరు పోయినట్టు, ఒరుసుకుపోయి పగిలిన చర్మంలోకే వైరస్ తేలికగా దిగుతుంది. ఆపైన దురదకు గోకినా, అక్కడ బ్లేడుతో గొరిగినా ఒక పులిపిరి మీది వైరస్ పక్క చర్మానికి అంటుతుంది. గీత గీసినట్టు వరుసగా పులిపిర్లు లేవడానికి చాలాసార్లు ఇదే కారణం. ఎదురెదురుగా ఉన్న రెండు మడతల్లో ఒకదానికి ఉంటే రెండోదానికి కూడా అంటుకోవచ్చు.

కనుక ఈ బాధ రెండు భాగాలు. ఒకటి వైరస్. రెండవది ఆ వైరస్‌కు దారి ఇచ్చిన మడత. పులిపిరిని మాత్రం కాల్చి మడతను అలాగే తడిగా వదిలేస్తే అది మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. "కాల్పించుకున్నాం, అయినా వచ్చింది, మీ వైద్యం పనిచేయలేదు" అని మమ్మల్ని నిందించేవారికి మేము చెప్పే జవాబు ఇదే.

ట్యూబుల మీద మా కోపం

దురద వస్తే మెడికల్ షాపుకు వెళ్ళి "మంచి ట్యూబు ఇవ్వండి" అని అడగడం మన ఊళ్ళలో అలవాటైపోయింది. అక్కడ ఇచ్చేవాటిలో చాలావాటిలో ఫంగస్ మందుతో పాటు క్లోబెటసాల్ వంటి బలమైన స్టెరాయిడ్ కలిసి ఉంటున్నది. స్టెరాయిడ్ మంటను, ఎరుపును వెంటనే తగ్గిస్తుంది. అందుకే "భలే మందు" అనిపిస్తుంది. కాని అదే సమయంలో ఆ చోట శరీరం చేసే పోరాటాన్ని అణచివేస్తుంది. ఫంగస్ లోలోపల పాకుతుంది. వైరస్‌కు అడ్డు ఉండదు. గజ్జల్లో, చంకల్లో చర్మం మూసుకుని ఉంటుంది గనుక మందు మరింత ఎక్కువగా లోపలికి ఇంకుతుంది. కొన్ని నెలలు రాస్తే చర్మం పలచబడి, గర్భిణీ పొట్ట మీద చారల వంటివి పడతాయి. ఆ చారలు పోవు.

2018లో కేంద్ర ప్రభుత్వం చర్మానికి రాసే పలు స్టెరాయిడ్ మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ జాబితాలోకి తెచ్చింది. చట్టం ఉన్నది, అయినా కౌంటరు దగ్గర ట్యూబు దొరుకుతూనే ఉన్నది. అమ్మేవారిని మాత్రమే అనడం కూడా సరికాదు. డాక్టరు ముందు బట్ట తొలగించాలంటే సిగ్గు కాబట్టి ట్యూబు కొంటున్నారు. డాక్టరు దగ్గరకు రావడం తేలికైతే ట్యూబు అమ్మకం తనంతట తానే తగ్గుతుందని మేము నమ్ముతున్నాము.

నాటు వైద్యం గురించి కూడా ఒక మాట. చేతి మీద పులిపిరికి గుర్రపు వెంట్రుక కట్టడం, సున్నం చాకలి సోడా కలిపి పెట్టడం, నల్లజీడి రసంతో చురక పెట్టడం మన పెద్దల కాలం నుండి ఉన్నవే. గజ్జల్లో, జననాంగాల మీద దయచేసి వీటిలో ఏ ఒక్కటీ చేయవద్దు. అక్కడి చర్మం మెత్తనిది. సున్నం, జీడి పెట్టి లోతుగా కాలి, చీము పట్టి వచ్చినవారికి మేమే కట్లు కట్టాము. పాదాల పులిపిర్లకు షాపులో అమ్మే ఘాటైన శాలిసిలిక్ యాసిడ్ మందు కూడా అక్కడ వాడరాదు.

"ఎవరి వల్ల వచ్చింది?" అనే ప్రశ్న

పులిపిర్ల పేరు చెప్పగానే చాలా ఇళ్ళలో మొదట వచ్చే ప్రశ్న ఇదే. ఎక్కువసార్లు వేలు చూపేది భార్య వైపే. కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పవలసి వస్తున్నది.

జననాంగాల దగ్గరి పులిపిర్లు పెద్దవారిలో ఎక్కువగా దాంపత్య సంబంధం ద్వారానే అంటుతాయి. దీనిని మేము దాచము. కాని వైరస్ ఒంట్లో చేరిన రోజుకీ పులిపిరి కనబడిన రోజుకీ మధ్య కొన్ని వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు, ఒక్కోసారి ఏళ్ళు కూడా పట్టవచ్చు. వైరస్ ఉన్నవారిలో చాలామందికి ఒక్క పులిపిరి కూడా లేవదు. వారికి తెలియకుండానే అది ఇతరులకు అంటవచ్చు. భర్తకు ఏమీ లేకుండా భార్యకు రావచ్చు, భార్యకు ఏమీ లేకుండా భర్తకు రావచ్చు. పులిపిరిని చూసి అది ఎప్పుడు, ఎవరి నుండి వచ్చిందో చెప్పగల డాక్టరు ఎవరూ లేరు. చెప్పగలిగే రక్తపరీక్ష కూడా లేదు. డాక్టరే చెప్పలేని దానిని అత్తగారు, ఆడపడుచు, పక్కింటివారు తీర్పుగా చెప్పడం ఎంతవరకు న్యాయం?

కంచం, గ్లాసు వేరు పెట్టవలసిన పని అసలే లేదు. కలిసి భోజనం చేస్తే ఇది అంటదు. తువ్వాలు, బ్లేడు మాత్రం ఎవరివి వారు వాడుకోవాలి. వైద్యం పూర్తయ్యే వరకు దంపతులు దూరంగా ఉండడం మంచిది. నిరోధ్ వాడితే అంటే ప్రమాదం తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. భార్యాభర్తలు ఇద్దరూ కలిసి వచ్చి చూపించుకుంటే అన్నిటికంటే మేలు.

పిల్లలకు ఆ భాగంలో పులిపిర్లు వస్తే ఆలస్యం చేయక తీసుకురండి. పుట్టినప్పుడు తల్లి నుండి, కడిగే పెద్దల చేతి పులిపిరి నుండి కూడా రావచ్చు. ఎవరైనా బిడ్డను పాడు చేయడం వల్ల కూడా రావచ్చు. ఏది నిజమో తేల్చడం డాక్టర్ల పని. ఇంట్లో పంచాయితీ పెట్టవద్దు, పరువు పోతుందని మూసిపెట్టవద్దు. బిడ్డను బెదిరించి ప్రశ్నలు వేయవద్దు. 2012 నాటి బాలల రక్షణ చట్టం ప్రకారం అటువంటి అనుమానం బలంగా ఉంటే తెలియజేయడం మా అందరి బాధ్యత.

మడతలో లేచిన ప్రతిదీ పులిపిరి కాదు

మెడ మీద, చంకల్లో మెత్తగా వేలాడే చిన్న తోలు ముక్కల వంటివి లావుగా ఉన్నవారికి, షుగరు ఉన్నవారికి తరచుగా వస్తాయి. అవి అంటువ్యాధి కావు. మధ్యలో చిన్న గుంట ఉన్న ముత్యాల వంటి పొక్కులు వేరే వైరస్ వల్ల వస్తాయి. తడిగా, చదునుగా, బూడిద రంగులో లేచేవి సిఫిలిస్ వ్యాధి రెండవ దశవి కావచ్చు. వాటిని కాల్చి ఊరుకుంటే జబ్బు లోపలే ఉండిపోయి గుండెకు, మెదడుకు హాని చేస్తుంది. అదే సకాలంలో కనుక్కుంటే పెన్సిలిన్ ఇంజెక్షనుతో నయమవుతుంది. మన కోస్తా జిల్లాలకు బాగా తెలిసిన బోదకాలులో కూడా వాపు మడతల మీద పులిపిర్ల వంటి గరుకు బుడిపెలు లేస్తాయి. వాటికి చాలావరకు లోపల నిలిచిపోయిన నీరే కారణం. వాటికి చేయవలసిన వైద్యం వేరు.

రక్తం కారుతున్నా, గట్టిపడినా, పుండుగా మారినా, నల్లబడినా, వేగంగా పెరుగుతున్నా, వైద్యం చేసినా తగ్గకపోయినా చిన్న ముక్క తీసి పరీక్షకు పంపవలసి ఉంటుంది. అరుదుగా ఇటువంటి చోట క్యాన్సర్ దాగి ఉంటుంది. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్నది అపోహ.

అందుకే మన దగ్గరకు వచ్చినవారికి షుగరు పరీక్ష, సిఫిలిస్ పరీక్ష, వారి అనుమతితో హెచ్.ఐ.వి. పరీక్ష చేయించమని డాక్టర్లు అడుగుతారు. దానికి కోపగించుకోవద్దు. ఒంట్లో రక్షణ శక్తి తగ్గినప్పుడు పులిపిర్లు ఎక్కువగా వస్తాయి, త్వరగా తగ్గవు. 2017లో వచ్చిన హెచ్.ఐ.వి. చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా ఆ పరీక్ష చేయరాదు, ఫలితాన్ని గుట్టుగా ఉంచాలి. ప్రభుత్వ ఐ.సి.టి.సి. కేంద్రాలలో ఈ పరీక్ష ఉచితం.

వైద్యం ఎలా ఉంటుంది?

మోకాళ్ళ నొప్పులని చెప్పిన ఆ తల్లికి ఏం జరిగిందో చెబితే విషయం బాగా అర్థమవుతుంది. మొదట ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ కాదని వచ్చింది. మిగతా పరీక్షలు కూడా బాగానే ఉన్నాయి, షుగరు ఒక్కటే చాలా ఎక్కువగా ఉన్నది. స్టెరాయిడ్ ట్యూబు ఆపించారు. మూడు వారాల పాటు మడతలు ఆరబెట్టడం, ఫంగస్ మందు, షుగరు అదుపు. మంట తగ్గి చర్మం గట్టిపడిన తర్వాతే పులిపిర్ల మీదికి వెళ్ళారు. చిన్నవాటికి ట్రైక్లోరో ఎసిటిక్ యాసిడ్ వారానికొకసారి అద్దారు. పెద్ద గుత్తులకు మత్తు ఇంజెక్షను ఇచ్చి విద్యుత్తుతో కాల్చారు. రెండు నెలల తర్వాత రెండు మూడు చోట్ల తిరిగి లేచాయి. మళ్ళీ అద్దారు. ఆ తర్వాత రాలేదు.

కొన్ని ఆసుపత్రుల్లో ద్రవ నత్రజనితో గడ్డకట్టించి తీస్తారు. ఇంట్లో రాసుకునే పోడోఫిల్లోటాక్సిన్, ఇమిక్విమోడ్ వంటి మందులు కూడా ఉన్నాయి. వీటిని డాక్టరు చెప్పిన చోట, చెప్పిన రోజుల్లో మాత్రమే రాయాలి. గర్భిణీలు పోడోఫిల్లిన్ జాతి మందులు వాడరాదు. గర్భం ఉన్నా, ఉన్నదేమోనని అనుమానం ఉన్నా ముందే చెప్పండి.

ఒక నిజం ముందుగానే తెలుసుకోవాలి. ఈ వైద్యాలన్నీ పులిపిరిని తీసేస్తాయి గాని వైరస్‌ను చంపే మందు లేదు. దానిని అణచివేసేది మన శరీరమే. చాలామందిలో ఒకటి రెండు సంవత్సరాలలో శరీరం ఆ పని చేస్తుంది. మొదటి మూడు నెలల్లో మళ్ళీ లేవడం మామూలే. నిరాశపడి మధ్యలో మానేయవద్దు.

మడతను చూసుకోవడం

ఇది నర్సుల పని, కాబట్టి కొంచెం అధికారంగానే చెబుతాము. బోదకాలు రోగులకు మేము నేర్పే పద్ధతే ఇక్కడా పనికివస్తుంది. రోజుకు రెండు పూటలా మామూలు నీళ్ళతో, కొద్దిపాటి సబ్బుతో మడత విప్పి మెల్లగా కడగాలి. రుద్దకూడదు. పాత నూలు చీర ముక్కతో అద్ది తుడవాలి. పది నిముషాలు ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. పూర్తిగా ఆరిన తర్వాతే మందు, పలచగా. రొమ్ముల కింద, పొట్ట మడత కింద పలచని నూలు గుడ్డ పెట్టుకుని తడిసినప్పుడల్లా మార్చాలి. పౌడరు దట్టంగా చల్లితే చెమటతో కలిసి ఉండలు కడుతుంది, అదే మళ్ళీ ఒరుస్తుంది. నూనె దట్టంగా పట్టిస్తే చెమట ఆరదు.

లోబట్టలు నూలువి, వదులువి వేసుకోండి. ఎండలో ఆరబెట్టండి. సిగ్గుపడి వేరే బట్టల కింద దాచి ఆరబెడితే అవి సరిగా ఆరవు. వానాకాలంలో తడి లోబట్ట ఒంటి మీదే ఆరనివ్వడం ఈ జబ్బుకు పెద్ద స్నేహితుడు. లంగా బొందు ఒకే చోట బిగించి కట్టకండి. షుగరు, బరువు అదుపులో ఉంచుకోవడం ట్యూబుల కంటే మంచి మందు. మంచం పట్టిన పెద్దలు ఇంట్లో ఉంటే స్నానం చేయించేటప్పుడు ప్రతి మడతా విప్పి చూడండి. వారు నోరు విప్పి చెప్పరు.

ఆడపిల్లలు, తల్లులు

పులిపిర్లు తెచ్చే 6, 11 రకాలు సాధారణంగా క్యాన్సర్ తేవు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చేవి వేరే రకాలు. వాటిలో 16, 18 అనే రెండే నూటికి 70 వరకు కారణం. అయితే దారి ఒకటే కాబట్టి ఒక రకం అంటినవారికి మరొకటి కూడా అంటి ఉండవచ్చు. అందుకని 30 నుండి 65 ఏళ్ళ మధ్య తల్లులు అయిదేళ్ళకొకసారి ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి. వినెగారు వంటి పలచని ఎసిటిక్ యాసిడ్ రాసి కంటితో చూసే పరీక్ష కొన్ని నిముషాల పని.

ఈ వైరస్‌కు టీకా మన దేశంలో 2008 నుండి ఉన్నది. 2023 జనవరిలో పుణెకు చెందిన సీరమ్ సంస్థ తయారు చేసిన సెర్వావాక్ విడుదలయ్యింది. అది 6, 11, 16, 18 నాలుగు రకాల నుండి కాపాడుతుంది. 9 నుండి 14 ఏళ్ళ మధ్య వేయిస్తే మంచి ఫలితం. ఉన్న పులిపిర్లను అది తగ్గించదు, రాకుండా ఆపుతుంది. ఆస్ట్రేలియాలో 2007లో ఆడపిల్లలకు ఈ టీకా మొదలుపెట్టారు. కొద్ది సంవత్సరాలలోనే 21 ఏళ్ళలోపు యువతుల్లో ఈ పులిపిర్లు అరుదైపోయాయి.

టీకా అనగానే మన పెద్దలు కొందరు ఖమ్మం సంగతి గుర్తు చేస్తారు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు ఈ టీకా ఇచ్చే పథకం మొదలై, కొందరు పిల్లల మరణాల వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణమని ప్రభుత్వ విచారణ సంఘం తేల్చలేదు. తల్లిదండ్రుల అనుమతి సరిగా తీసుకోలేదని మాత్రం గట్టిగా తప్పుపట్టింది. ఆ తప్పు నుండి మేము నేర్చుకున్నది ఒకటే. తల్లినీ తండ్రినీ కూర్చోబెట్టి, వారి ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పిన తర్వాతే సూది. ఆ ఓపిక మాకు ఉండాలి. అడిగే ధైర్యం మీకు ఉండాలి.

మేము మార్చుకున్నది, మిమ్మల్ని అడిగేది

ఆ తల్లి సంగతి తర్వాత మా నర్సింగ్ విభాగం కూర్చుని మాట్లాడుకున్నది. ఓ.పి. కిటికీ దగ్గర "ఎక్కడ?" అని అడగడం మానేశాము. "సిస్టరు గారితో మాట్లాడాలి" అంటే చాలు, చీటీ మీద అంతే రాస్తారు. లోపల తెర చాటున ఒక సిస్టరు వింటారు. స్త్రీలకు స్త్రీలే, పురుషులు కోరితే పురుష నర్సు. పరీక్ష గదిలో అవసరం లేనివారు ఉండరు. దీనికి కొత్త భవనం కట్టలేదు, కొత్త మిషను కొనలేదు. ఒక తెర, ఒక మాట మార్చాము.

మిమ్మల్ని అడిగేది కూడా పెద్దదేమీ కాదు. పన్నెండేండ్లు రక్తస్రావంతో బాధపడి, ఉన్నదంతా వైద్యులకు ఖర్చు చేసి, జనం మధ్యలో దొంగచాటుగా వచ్చి వస్త్రపు చెంగు ముట్టిన స్త్రీ కథ మనందరికీ తెలుసు. ఆమెను ఎవరూ అవమానించకుండా ప్రభువు ఆమెతో మాట్లాడిన తీరు కూడా తెలుసు. స్త్రీల సమాజం కూడికల్లో షుగరు గురించి, బి.పి. గురించి మాట్లాడుకున్నట్టే దీని గురించి కూడా పది నిముషాలు మాట్లాడండి. పిలిస్తే మా సిస్టర్లు వస్తారు. పాస్టరు గార్లు, పాస్టరమ్మ గార్లు తమ దగ్గరకు ఈ సంగతి వస్తే ఎవరి వల్ల వచ్చిందని విచారించే ముందు ఆసుపత్రికి పంపించండి. మగవారు తమ భార్యలను ఒంటరిగా వరుసలో నిలబెట్టక వెంట రండి, మీరూ చూపించుకోండి.

ఆ తల్లి చివరిసారి చూపించుకోవడానికి భర్తతో కలిసి వచ్చింది. ఆయనకు కూడా రెండు పులిపిర్లు ఉంటే తీసేశారు. వెళ్ళేటప్పుడు మా దగ్గరకు వచ్చి "సిస్టరమ్మా, కంచం మళ్ళీ అందరితో పెట్టారు" అన్నది. తర్వాత కాస్త నవ్వి "ఇప్పుడు నిజంగానే మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి, చూడరా?" అన్నది.

చూశాము.

మీ ఆరోగ్యాన్ని కోరుతూ,
నర్సింగ్ సూపరింటెండెంట్ మరియు నర్సింగ్ విభాగం